బోర్డుకు పోయే బండి

మా గోదావరిఖనిలో రైళ్లకు కొదవ లేదు. బొగ్గు మోసుకుని పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. మనిషి ఎక్కడానికి మాత్రం ఒక్కటీ లేదు. ఎటు పోవాలన్నా ఆటో పట్టుకుని రామగుండం స్టేషన్‌కు పోవాల్సిందే. ఆ స్టేషన్ అంటే మా వాళ్లకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది. నాకైతే కోపమే ఎక్కువ. అక్కడ ఒక్కనాడైనా నిమ్మళంగా బండి ఎక్కిన గుర్తు లేదు.

పోయిన ఎండాకాలం బాపును మెడికల్ బోర్డుకు తీసుకుపోయిన రోజూ అంతే. ఆ బోర్డు కొత్తగూడెంలో కూర్చుంటుంది. గనిలో పనిచేసే మనిషిని డాక్టర్లు పరీక్షించి, ఇక ఈ పని చెయ్యలేడని ‘అన్‌ఫిట్’ రాస్తే ఆ నౌకరీ అతని పిల్లల్లో ఒకరికి వస్తుంది. ఫిట్ అని రాస్తే మళ్లీ షిఫ్టుకు పోవాలి. బాపుకు నేనొక్కదాన్నే. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పాను, ఆ బడి మూతపడ్డాక ఇంట్లోనే ఉన్నాను. బాపుకు రెండేళ్లుగా ఆయాసం. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుంటాడు. కాబట్టి అన్‌ఫిట్ అవుతాడని మా ఇంట్లో అందరికీ గట్టి ఆశ.

ఆశ అనే అన్నాను, పొరపాటున కాదు. మా కాలనీలో ‘అన్‌ఫిట్’ అన్న మాటకున్న గౌరవం అలాంటిది. ఎవరైనా అన్‌ఫిట్ అయితే వీధంతా లడ్డూలు పంచుతారు. ఫిట్ అని తేలినవాణ్ణి ఓదార్చడానికి ఇంటికి పోతారు. “ఏం జేస్తం కాకా, నీ నసీబు బాగలేదు” అంటారు. నిక్షేపంగా ఉన్న మనిషి తలవంచుకుని వింటాడు.

స్టేషన్‌కు పోయేసరికి బండి లేటని చెప్పారు. స్టేషన్ ముందుభాగం కొత్తగా కడుతున్నారు. రేకులు అడ్డం పెట్టి లోపల ఒకటే చప్పుడు. నీడన్నచోటల్లా జనమే. బాపు సంచీ నా చేతికిచ్చి ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

“గట్ల తిరిగితే చూసినోళ్లు ఫిట్టే అంటరు బాపూ. జర కూసో.”

“కూసుంటే పానం ఆగుతలేదు బిడ్డా.”

మనసు ఆగనప్పుడు బాపుకు నోరు కూడా ఆగదు. స్టేషన్ చరిత్ర ఎత్తుకున్నాడు. నేను అడగలేదు. నాలుగడుగులు వెయ్యడం, ఒక మాట చెప్పడం, నిలబడి ఊపిరి తీసుకోవడం, మళ్లీ నాలుగడుగులు.

“నిజాం కాలంల పడ్డ లైను ఇది. మీ తాత చిన్నప్పుడు గిక్కడ బండి దిగితే అంత అడివేనంట. పొద్దుగూకితే ఊర్లెకు పోకుండ టేషన్ల్నే పండుకునేటోళ్లు, పులి భయానికి.”

“ఆయాసం వస్తది, చాలు.”

“పవర్‌హౌస్ వచ్చినంక చూడాలె. ఒక్కో బండిల ఒక్కో భాష దిగేది. మేం గోదావరిఖని నుంచి సైకిళ్ల మీద వచ్చి ఊకెనే చూసేటోళ్లం. తర్వాత ఎరువుల ఫ్యాక్టరీ మూతపడ్డది. అండ్ల పనిచేసినోళ్లు మంచాలు, కూలర్లు ఏసుకొని గీడనే నిలబడి ఏడ్సిన్రు. మల్ల తెరిసిన్రు గాని, పోయినోళ్లు మల్ల రాలే.”

అంతలో మా బండి రావాల్సిన లైను మీద బొగ్గు గూడ్సు వచ్చింది. ఒకటి పోయిందనుకుంటే వెనకే ఇంకోటి. మా బండి వెనకటి స్టేషన్‌లోనే ఆగి ఉందని పక్కన ఎవరో చెప్పారు. నాకు ఒళ్లు మండింది. రేపు పొద్దున బోర్డు ముందు ఉండాలి, ఈ బండి తప్పితే మళ్లీ పిలుపు ఎప్పుడో తెలియదు.

“మనుషులను ఆపి బొగ్గును పంపుడేంది బాపూ?”

బాపు గూడ్సు వైపే చూస్తున్నాడు. ఆయన ముఖంలో చిరాకు ఏ కోశానా లేదు.

“మన బొగ్గే బిడ్డా, పోనియ్యి. అది ఆగితే కరెంటు ఆగుతది. మనం ఆగితే ఏం ఆగుతది?”

ఆ మాటకు నాకు కోపం ఇంకా పెరిగింది. ఎవరి మీదో మాత్రం తేల్చుకోలేకపోయాను.

చివరికి బండి వచ్చింది, పోయాం. మర్నాడు బోర్డు వాళ్లు బాపును లోపలికి పిలిచారు, ఊదించారు, పడుకోబెట్టారు, ఎక్స్‌రేలు తీశారు. ఏం రాశారో చెప్పలేదు. బాపుతో కలిసి పనిచేసే దోస్తు ఒకాయన, నేను కాకా అని పిలుస్తాను, తన పని మీద కొత్తగూడెంలోనే ఉన్నాడు. “నువ్వు పో అన్నా, తెల్వంగనే ఫోన్ జేస్త” అన్నాడు. తెల్లారి తిరుగు బండి ఎక్కాం. దారి పొడుగునా ఫోన్ చేతిలోనే పట్టుకున్నాను. చెమటకు తెర మీద వేలు జారుతోంది. సిగ్నల్ పోతే కిటికీలోంచి చెయ్యి బయట పెట్టాను, అదేదో గాలికి దొరుకుతుందన్నట్టు.

పెద్దపల్లి దాటాక ఫోన్ మోగింది.

“అయింది బిడ్డా! అన్‌ఫిట్!”

నేను అరిచేశాను. సంతోషం పట్టలేక ఏడ్చాను కూడా. ఎదురు సీటులో ఉన్నాయన సంగతి అడిగి తెలుసుకుని, బాపు చెయ్యి పట్టుకుని “ముబారక్ అన్నా” అన్నాడు. బాపు నవ్వాడు. నేను అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. నాకు ఏ గని పడుతుందో, ఏ పని ఇస్తారో, మొదటి జీతంతో అమ్మకు ఏం కొనాలో అన్నీ ఆ కాసేపట్లోనే అనుకున్నాను.

రామగుండంలో దిగేసరికి అమ్మ, మా మేనత్త కొడుకైన బావ ఎదురొచ్చారు. బావ చేతిలో లడ్డూల డబ్బా. అమ్మ అక్కడే మూత తీసి ఒకటి బాపు నోట్లో పెట్టింది, ఇంకోటి నాకు తినిపించింది. “నా బిడ్డ నౌకరీ మనిషైంది” అని చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా అంది. బావ ఆటో మాట్లాడతానని కదిలాడు.

బాపు బెంచీ మీద కూర్చున్నాడు.

“పోదాం లే, ఎండ ముదురుతుంది” అంది అమ్మ.

బాపు నోట్లో లడ్డూ ఇంకా అలాగే ఉంది. మెల్లగా నమిలి మింగి, “కాకకు ఫోన్ కలుపు” అన్నాడు నాతో. కలిపి, గట్టిగా వినపడేలా పెట్టి చేతికిచ్చాను.

“ఏం రాసిన్రే? గుండె అన్నరా, ఊపిరితిత్తులు అన్నరా?”

“గదంత నాకేమెర్క అన్నా? అన్‌ఫిట్ అని రాసిన్రు. బిడ్డకు నౌకరీ పక్కా. ఇగ నీకు ఫికరేంది?”

బాపు ఫోన్ నాకిచ్చేశాడు. ఆటో కోసం కదిలిన బావ కూడా ఆగిపోయాడు.

“గనికి పనికి రానన్నరు, మంచిదే” అన్నాడు బాపు. “బతుకుతనా, బతుకనా, గది ఎవలన్న అడిగిన్రా?”

అమ్మ నా వైపు చూసింది. నేను బావ వైపు చూశాను. ఎవరమూ అడగలేదు.