జలదారి పక్కనున్న బండ

కడప ఇంటికి చేరిన రోజు నా భార్య ముందు గదులు చూడలేదు. వంటింట్లోంచి పెరట్లోకి వెళ్లి, గిన్నెలు కడిగే జలదారి దగ్గర నిలబడింది. ఇంటి చుట్టూ జాగా అంతా బండలు పరిచి ఉంది. జలదారి పక్కనున్న బండను కాలితో తట్టి, "ఈ బండొకటి తీపిస్తే సాలు. చుక్కకూర ఏసుకుంటా" అంది.

నేను అప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఏ పనికైనా ముందు ఒక పుస్తకం కొనడం నా అలవాటు. పెరటి తోటల మీద కొన్న పుస్తకంలో మొక్కకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలని ఉంది. పెరట్లో మధ్యాహ్నానికే ఇంటి నీడ పడుతుంది. లెక్కపెడితే ఐదు గంటలే వచ్చింది. ఇంటి ముందు, గేటు పక్కన, పదిన్నరకు మొదలైన ఎండ పొద్దు గూకేదాకా ఉంటుంది. అక్కడే తీయిద్దామన్నాను. కిటికీ దగ్గర నా కుర్చీలోంచి కనబడుతుందన్నది కూడా ఒక కారణం. అది ఆమెకు చెప్పలేదు.

"ఎండకేం కరువు ఈడ? కరువంతా నీళ్లకే గదా" అంది. ఆమెది కోడుమూరు పక్కన మెట్టసేద్యం చేసే ఇల్లు.

బండలు తీయడానికొచ్చిన మేస్త్రీ గేటు దగ్గర బండకు అరచెయ్యి ఆనించి చప్పున తీసేసుకున్నాడు. "సార్, ఈడ ఇత్తనాలేస్తే మొలకలు రావు, బొరుగులొస్తాయి."

నా భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "సదివినోళ్లప్పా, సెప్పినా ఇనరు. తీయి."

వానలు లేని ఏళ్లవి. కుళాయి రెండు రోజులకొకసారి వచ్చేది. ఆ నీళ్లు మొక్కలకు పోయడానికి మనసొప్పేది కాదు. సబ్బు పడితే మొక్క చస్తుందని ఆమె గిన్నెలు బూడిదతో తోమి, కడిగిన నీళ్లు బకెట్లో పట్టి, వంటిల్లు, నడవ, ముందు గది దాటి గేటు దాకా మోసేది. బండల వేడికి వంగమొలకలు మాడిపోయేవి. మళ్లీ నాటేది. సగం దారిలో బకెట్టు దించి, గోడ పట్టుకుని నిలబడటం నేను చూశాను. పుస్తకంలోంచి తలెత్తి చూశాను. "నేను తెస్తా" అని లేచేసరికి మళ్లీ ఎత్తుకునేది. కొన్నాళ్లకు లేవడం కూడా మానేశాను.

రెండో ఏడు ఆమె కాళ్లు వాచాయి. కిడ్నీలు చెడిపోయాయని కర్నూలులో డాక్టరు చెప్పాడు. బరువు మోసినందుకు వచ్చే జబ్బు కాదని కూడా, నేను అడిగితే, ఆయనే చెప్పాడు. నమ్మాను. నమ్మినా, గోడ పట్టుకున్న ఆ చెయ్యి నాకు కనబడుతూనే ఉంది.

వారానికి రెండుసార్లు డయాలసిస్. తక్కిన రోజుల్లో వంటింటి వెనక గడప దాకా మాత్రం నడవగలిగేది. నీళ్లు రోజుకు మూడు గ్లాసులకు మించి తాగకూడదన్నారు. గిన్నెలు నేను కడిగేవాణ్ణి. ఆ నీళ్లు జలదారిలోంచి పోతుంటే గడప మీద కూర్చుని చూసేది. ఒక పొద్దున గడ్డపార తెచ్చి జలదారి పక్కనున్న ఆ బండ లేపాను.

కింద మన్ను నల్లగా, తడిగా ఉంది. వానపాములున్నాయి. పిడికెడు తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను. వేళ్లతో నొక్కి చూసింది.

"నేను సెప్తే ఇన్యారా?"

"వినలేదు."

"సర్లే. ఇప్పుడన్నా తీసినారు." మన్ను నా చేతిలో తిరిగి పోసి, "చుక్కకూర ఏయండి" అంది.

చుక్కకూర ఆమెకు డాక్టరు వద్దన్న వాటిలో ఒకటి. ఆ మాటే అన్నాను.

"నాకెందుకు? మీకే. పప్పులోకి పుల్లగా ఏమన్నా లేకుంటే ముద్ద దిగదు గదా మీకు."

మొలకలు వచ్చాయి. మూడు నాలుగు ఆకులు విచ్చేదాకా చూసింది. కోతకు రాకముందే ఆమె పోయింది.

కర్మలయ్యేదాకా ఇంటి నిండా బంధువులు. రోజూ ఇరవై మంది తిన్న గిన్నెలు జలదారి దగ్గర కడిగేవాళ్లు. చుక్కకూర గుబురుగా లేచింది. ఎవరో కోసి పప్పులో వేశారు. నేను తిన్నాను.

అందరూ వెళ్లిపోయాక నేను తినే తట్ట ఒకటి, ఒక గ్లాసు, ఒక అన్నం గిన్నె మిగిలాయి. వాటిని కడగడానికి చెంబెడు నీళ్లు చాలు. వారం తిరిగేసరికి ఆకులు వాలాయి. చోటులో తప్పు లేదు. ఎండ అదే, నీడ అదే, మన్ను అదే.

ఆ సాయంత్రం మొక్కలకు నేరుగా పోసేద్దామని బకెట్టు నింపాను. పోయలేదు. లోపలికి వెళ్లి, అటక మీద బోర్లించిన గిన్నెలన్నీ దించాను. బంధువులు వెళ్లాక వాటిలో ఎవరూ వండలేదు. జలదారి దగ్గర ఆ బకెట్టు పక్కనే పేర్చుకుని కూర్చుని, బూడిద పెట్టి ఒక్కొక్కటే తోమడం మొదలుపెట్టాను.