టేపులో లేని మైనస్

రెజిమెంటల్ బజార్‌లో లైనింగ్ గుడ్డ కొంటే, ఇంటికొచ్చి మళ్లీ కొలుచుకోనిదే నాకు మనసు కుదుటపడదు. జాకెట్లు కుట్టేదాన్ని, ఆ మాత్రం అనుమానం ఉండాలి. ఆ ఏడాది మాత్రం నా అనుమానమంతా లెక్కల పుస్తకం మీద పడింది.

పద్మారావు నగర్‌లో మా ఇంటి దగ్గరి ఆడపిల్లల హాస్టల్‌కు కుట్టు నేర్పే మనిషి కావాలి. పది పాసై వస్తే చూద్దామంది వార్డెన్. నేను తొమ్మిదితో ఆపేసినదాన్ని. ఆ ఉద్యోగం కోసం ఓపెన్ స్కూల్‌లో పది కట్టాను. మిగతావి ఎలాగో గట్టెక్కుతాయి, లెక్కలే భయం. ఇంటర్ చదివే మా అమ్మాయి రోజూ కూర్చోబెట్టి చెప్పేది.

సరళరేఖ వాలు దగ్గర గొడవ మొదలైంది. గీత మీద రెండు బిందువులు తీసుకుని, వై విలువల తేడాను ఎక్స్ విలువల తేడాతో భాగించాలట. ఏ రెండు తీసుకున్నా ఒకటే జవాబట. నాకు అక్కడే తేడా కొట్టింది. అడిగిన ప్రతివాడూ ఒకే మాట చెబితే, ముందే కూడబలుక్కున్నారని కాదూ?

పరీక్షించి చూశాను. (2, 7), (5, 1). ఏడులోంచి ఒకటి పోతే ఆరు, అయిదులోంచి రెండు పోతే మూడు. వాలు రెండు. మధ్యలో (3, 5) పట్టుకున్నా రెండే. పుస్తకం వెనక మాత్రం మైనస్ రెండని ఉంది. అచ్చుతప్పు అన్నాను. తర్వాతి లెక్కలోనూ అంతే. ఇన్ని తప్పులతో పుస్తకం ఎలా అమ్ముతున్నారని ఒళ్లు మండింది. నవ్వు ఆపుకుంటున్న మా అమ్మాయిని చూస్తే ఇంకా మండింది.

నేను చేస్తున్నదల్లా పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యడం. ఛాతీ కొలతలోంచి నడుము కొలత తీస్తాను గానీ, నడుములోంచి ఛాతీని ఏ టైలరైనా తీస్తుందా? టేపు సున్నాతోనే మొదలవుతుంది.

అమ్మాయి రెండు గీతలు గీసింది. ఒకటి ఎక్కుతోంది, నాది దిగుతోంది. నా పద్ధతిలో రెండింటికీ వాలు ఒకటే వచ్చింది.

"మౌలాలి గుట్ట ఎక్కుడు, దిగుడు నీకు ఒక్కటేనా అమ్మా? రెండో చుక్కలోంచి మొదటిది తియ్యి. వైకి గట్లనే, ఎక్స్‌కు సుత గట్లనే. ఏది పెద్దదని చూడకు."

ఒకటిలోంచి ఏడు తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. అయినా తీశాను.

పరీక్షలో వాలు లెక్క వచ్చింది. జవాబు ప్లస్ తేలింది. ఈసారి పుస్తకాన్ని కాదు, నన్ను నేనే అనుమానించాను. పక్కన చుక్కలు పెట్టి కలిపితే గీత కిందికి దిగుతోంది. అలవాటు కొద్దీ మళ్లీ పెద్దదాంట్లోంచే తీశానన్నమాట. కొట్టేసి, సరిగ్గా చేశాను.

పాసయ్యాను. మార్కుల మెమో తీసుకుని హాస్టల్‌కు వెళ్తే వార్డెన్ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. నా నెరిసిన జుట్టు చూసి, మళ్లీ మెమో చూసింది.

"పరీక్ష మీరే రాసిన్రా?"

"నేనే రాసిన మేడమ్. లెక్కలల్ల ఏదన్నా అడుగుండ్రి."

ఆమె సోమవారం నుంచి రమ్మని మెమో తిరిగి ఇచ్చేసింది. కోరుకున్న ఉద్యోగం దొరికిందన్న సంతోషం ఉంది. కానీ ఒక్క లెక్కయినా అడిగి ఉంటే బాగుండేదనుకుంటూ మెట్లు దిగాను.