గుమ్మం మీది రేకు పెట్టె

మొన్న శుక్రవారం గుమ్మానికి పసుపు రాస్తుంటే నా చెయ్యి దానంతటదే కుడివైపు పైకి పోయి, అక్కడేమీ లేక ఆగిపోయింది. తలుపు మార్చి ఇన్నేళ్ళయినా చేతికి ఆ సంగతి తెలియదు.

రెండువేల పదకొండులో లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో మేము కొన్న పాత ఇంటి ద్వారబంధానికి, భుజమెత్తున, వేలెడంత రేకు పెట్టె ఒకటి ఏటవాలుగా మేకులతో కొట్టి ఉండేది. గుమ్మానికి ఊరికే ఎవరూ ఏదీ కొట్టరు, ఇది ఇంటికి రక్షే అయ్యుంటుందని నమ్మి, ప్రతి శుక్రవారం గడపతో పాటు దానికీ పసుపు రాసి బొట్టు పెట్టేదాన్ని. మావారు నవ్వేవారు. నేను లెక్కచేస్తేగా!

ఆరేళ్ళకు, ద్వారబంధంతో సహా తలుపు మార్పించడానికి ఆయన ఒక సోమవారం మనిషిని కుదిర్చారు. ముందురోజు అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం ఈస్ట్ లండన్‌లోని ఒకప్పటి యూదుల పేటకు వెళ్ళాం. అక్కడి పాత ప్రార్థనా మందిరమే ఇప్పుడు మ్యూజియం. అలవాటుకొద్దీ గుమ్మంలోనే బూట్లు విప్పేస్తే, అక్కడుండే పెద్దావిడ నన్ను తొడుక్కోమని, మావారి తలమీద మాత్రం ఒక గుండ్రటి టోపీ పెట్టింది.

లోపల అద్దాల బీరువాలో అచ్చం మా రేకు పెట్టె లాంటిదే! అది యూదుల ఇళ్ళ గుమ్మాలకు కొట్టేదట, అందులో చేత్తో రాసిన ప్రార్థన చుట్ట ఉంటుందట, వచ్చేపోయేవాళ్ళు దాన్ని తాకి ఆ వేళ్ళను ముద్దుపెట్టుకుంటారట. రేపది చెత్తలోకి పోతుంది, పైగా ఇన్నేళ్ళూ దానికి పసుపు మెత్తాను.

"ఎవరిదో పాత రేకు, నీకెందుకే?" అన్నారు మావారు. నేను వినలేదు. ఆ సాయంత్రమే స్వయంగా ఊడదీసి, మర్నాడు డాక్టరు దగ్గరికని ఆఫీసులో అబద్ధమాడి, మ్యూజియానికి పట్టుకెళ్ళాను. తెలియక చేశాను, తుడవడానికి భయమేసింది అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకున్నాను.

ఆ పెద్దావిడ దాన్ని తాకి, వేళ్ళు పెదవులకు ఆనించుకుంది. పెదవికి పసుపు అంటింది. ఎప్పుడెప్పుడు రాసేదానివని అడిగితే శుక్రవారాలని చెప్పాను. శుక్రవారం సాయంత్రం మా యూదుల ఇళ్ళల్లోనూ దీపాలు పెడతాం, అయితే ఆ ఇంట్లో శుక్రవారం ఆగలేదన్నమాట అంటూ కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

ఇప్పటి మా తలుపు ప్లాస్టిక్కు. చలి రాదు, నిజమే. రాసిన పసుపు కూడా సాయంత్రానికి రాలిపోతుంది. చెయ్యి మాత్రం శుక్రవారమొస్తే ఇంకా పైకే పోతుంది.