దుబాయిలో మక్కరొట్టెకు దక్కిన గౌరవం

ఈ సాయంత్రం నేనూ నా రూమ్మేట్ శేఖరూ దుబాయిలో మొదటిసారి మెక్సికన్ హోటల్‌కు వెళ్లాం. కూర పెట్టి మడిచి తినమని ఇచ్చిన రొట్టె అచ్చం మెట్‌పల్లిలో మా అవ్వ మొక్కజొన్న పిండితో చేసే మక్కరొట్టెలా ఉంది. వెంటనే దాన్ని పళ్లెంలో పరిచి, తుంచి, ఎర్ర చట్నీలో అద్దుకున్నాను.

“అరే, మడిచి తినాలెరా! అందరు చూస్తున్నరు, జర ఇజ్జత్ ఉంచు,” అని శేఖర్ గుడ్లురిమాడు.

“మక్కరొట్టెను తుంచుకోనే తింటరు. నువ్వు ఫికర్ చెయ్యకు.”

అంతలో మెక్సికో వంటాయనే బయటికి వచ్చాడు. శేఖర్ తల దించుకున్నాడు. ఆయన మాత్రం నా పళ్లెం చూసి, తమ ఇంట్లో అమ్మ కూడా ఇలాగే తుంచుకుని తింటుందని మురిసిపోయి, వేడివేడి రొట్టెలు తెచ్చి వేశాడు. శేఖర్ తన రొట్టె మడత విప్పాడు.

మెట్‌పల్లికి దక్కిన ఈ అంతర్జాతీయ గుర్తింపుపై అభినందనలు కామెంట్లలో స్వీకరించబడును. మడిచి తినేవాళ్లూ రాయవచ్చు, క్షమిస్తాను.