పరామర్శకు వచ్చేవాళ్ళు

మా చెల్లెలు పన్నెండో ఏట చనిపోయింది. ఏ జబ్బుతో పోయిందని ఎవరడిగినా ఇన్నేళ్ళూ విషజ్వరంతో అని చెప్పాను. అది అబద్ధం. విషజ్వరం ఆమెకు వచ్చిన మాట నిజం. అది చావుకు రెండేళ్ళ ముందు వచ్చింది, పూర్తిగా తగ్గిపోయింది కూడా. ఈ సంగతి తెలిసినవాళ్ళలో బతికున్నది నేనొక్కణ్ణే కనుక ఇప్పుడు రాస్తున్నాను.

మాది ఐరాల దగ్గర ఒక పాళెం. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళకు మా ఇంటి మాటే తీర్పు. నాకు ఊహ తెలిసేనాటికి మిగిలింది ఒక పెద్ద మిద్దె, ఒక మామిడితోపు, ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని దొర అని పిలిచే అలవాటు. నాయన చనిపోయాక ఆ అలవాటు కూడా పెద్దవాళ్ళ నోళ్ళలోనే నిలిచింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. ఇంటి పెద్దను నేనే.

నాయన పోవడంతో నేను పోగొట్టుకున్నదానికంటే అమ్మ పోగొట్టుకున్నది ఎక్కువ. అంతకుముందు ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా మొదటి తాంబూలం ఆమెకు ఇచ్చేవారు. ఆమె వచ్చి కూర్చున్నాకే బాజా మోగేది. నాయన పోయిన మరుసటి నెలలో మా దాయాదుల ఇంట్లో పెళ్ళి జరిగింది. విధవరాలు ఎదురు రాకూడదు కనుక ఆమెను పిలవలేదు. సాయంత్రం ఒక పనిమనిషి చేత వెనక వాకిలి గుండా పెళ్ళి బూరెలు పంపారు. అమ్మ వాటిని ఎద్దులకు పెట్టించింది. ఆ తరువాత మా హాల్లో పరచిన జంపఖానా మీద కూర్చోవడానికి ఎవరూ రాలేదు.

అలాంటి సమయంలో చెల్లెలికి విషజ్వరం వచ్చింది. ఇరవై ఒక్క రోజులు మంచం మీద ఉంది. ఊరంతా పరామర్శకు వచ్చింది. చిత్తూరు నుంచి బంధువులు బండ్లు కట్టించుకుని వచ్చారు. ఎళనీరు బొండాలు, బత్తాయిలు, తిరుమల తీర్థం తెచ్చారు. రోగి మంచం దగ్గర వైధవ్యం అడ్డం రాదు. బిడ్డ తల్లి అక్కడ తల్లే. వచ్చినవాళ్ళు ముందుగా ఆమెనే పలకరించాలి, ఆమె చెప్పేదంతా వినాలి, ఆమె సరేనన్నాకే లేవాలి. మంచం తలాపున పీట వేసుకుని కూర్చుని అమ్మ చెప్పేది.

"నిన్న సందకాడ కండ్లు తేలేసింది. పోయిందనుకున్నా. నా కొంగు దాని మొహం మీద ఏసి కుల దేవతని తలుసుకున్నా. అప్పుడు కదిలింది."

"నువ్వు కాబట్టి తట్టుకున్నావు దొరసానమ్మా. ఇంకొకరైతే ఈపాటికి మంచాన పడుందురు," అనేవారు ఆడవాళ్ళు.

అమ్మ నడుము నిటారుగా అయ్యేది. నాయన పోయాక ఆమె గొంతులో ఆ బలం మళ్ళీ అప్పుడే విన్నాను. నిజం చెబుతున్నాను, నాకూ సంతోషంగానే ఉండేది. మా హాలు మళ్ళీ మనుషులతో నిండింది.

జ్వరం తగ్గింది. రాకపోకలు తగ్గాయి. నెల తిరగకుండా చెల్లెలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మళ్ళీ జనం. నాలుగు రోజులకు లేచి కూర్చుంది, జనం పలచబడ్డారు. కొన్ని వారాలకు మళ్ళీ పడింది. ఒక ఏడాదిన్నర ఇలాగే గడిచింది. పిల్ల నల్లబడి, చేతులు పుల్లల్లా అయ్యాయి. బడి మానేసింది.

అది యుద్ధకాలం. చక్కెర దొరికేది కాదు. పరామర్శకు వచ్చినవాళ్ళకు అమ్మ బెల్లం కాఫీ ఇప్పించేది. నాకు పెదనాయన వరస ముసలాయన ఒకడు ప్రతిసారీ వచ్చేవాడు. ఒకరోజు లోటా అందుకుంటూ నలుగురిలో అన్నాడు, "ఈ ఇంట్లో ఇంత కాఫీ దొరకాలంటే ఎవురో ఒకరు మంచం ఎక్కాల్సిందే కదప్పా."

ఎవరో నవ్వారు. నేను లేచి నిలబడ్డాను. "అట్లాంటి మాటలు మా గడప అవతల మాట్లాడుకోండి," అన్నాను.

"పోతాలే అబ్బోడా. కాఫీ తాగి పోతా," అన్నాడు. నింపాదిగా తాగాడు, లోటా బోర్లించి పోయాడు. ఆయన మళ్ళీ రాలేదు. మా ఇంట్లో జరుగుతున్నదాన్ని పైకి అన్నవాడు ఆయనొక్కడే. ఆయన్ని నేను వెళ్ళగొట్టాను.

ఎందుకంటే అప్పటికే నేను చూశాను. ఒక పొద్దున దొడ్లోకి వెళితే అమ్మ రోట్లో సునాముఖి ఆకు నూరుతోంది. విరేచనాలకు వేసే ఆకు అది, పల్లెల్లో అందరికీ తెలుసు. నూరి, గుడ్డలో పిండి, ఆ రసాన్ని చెల్లెలి చారు గిన్నెలో పోసింది. చెల్లెలికి ఎప్పుడూ వేరే గిన్నె.

"అది ఎందుకమ్మా?" అన్నాను.

"కడుపులో చెడు ఉండాది నాయనా. పోవల్ల. వైద్యుడే చెప్పినాడు."

వైద్యుడు చెప్పింది బార్లీ నీళ్ళు మాత్రమే. చెప్పినప్పుడు పక్కన ఉన్నది నేనే. ఆ సంగతి అమ్మకూ తెలుసు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నేను కాళ్ళు కడుక్కుని తోపుకు పోయాను.

ఆ ఎండాకాలంలో చెల్లెలు లేవలేని స్థితికి వచ్చింది. వైద్యుడు చేతులెత్తేశాడు. "నా చేతిలో లేదు సామీ. చిత్తూరు ఆసుపత్రికి తీసకపోండి. ఈ పూటే," అన్నాడు. బొగ్గుతో నడిచే బస్సులో, చెల్లెల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని నేను, పక్కన అమ్మ, చిత్తూరు చేరాం.

అక్కడి డాక్టరమ్మ అరవ మనిషి. తెలుగు వచ్చు. మొదటి మాటలోనే నన్ను తంబీ అంది, అంటే తమ్ముడూ అని. మా ఊళ్ళో నా వయసువాళ్ళు కూడా నన్నలా పిలవరు. రెండు రోజులు సూదితో నీళ్ళెక్కించారు. మూడో రోజు నర్సు చెంచాతో జావ తాగించింది. మా ఇంట్లో బయటి వంట తినరు, కానీ జావ మందులాంటిది కనుక మేము ఒప్పుకున్నాం. నాలుగో రోజుకు చెల్లెలు దిండుకు ఆనుకుని కూర్చుని, పక్క మంచం పిల్లతో అచ్చనగాయలు ఆడింది. రెండేళ్ళలో అది ఆడగా చూడడం అదే మొదలు.

అన్నం పెట్టవచ్చన్నారు. ఆసుపత్రి వెనక రేకుల కొట్టంలో రోగుల మనుషులు వండుకునే పొయ్యిలు ఉండేవి. అమ్మ అక్కడ చారన్నం వండి తెచ్చింది. చీకటి పడేలోగా చెల్లెలికి వాంతులు. మళ్ళీ సూది, మళ్ళీ జావ, మళ్ళీ కోలుకుంది. మళ్ళీ అమ్మ వండింది. మళ్ళీ అదే.

ఆ రోజుల్లో అమ్మ నాతో అన్న మాట ఒకటే. "ఈడ ఎవురూ రారు నాయనా. ఈ తెల్లగోడల్ని సూస్తా ఎన్నాళ్ళు కూసోవాల. ఇంటికి పోదాం."

రెండోసారి తగ్గాక డాక్టరమ్మ నన్ను తన గదిలోకి పిలిచింది. కూర్చోమంది. నేను నిలబడే ఉన్నాను.

"తంబీ, పది దినాలు పాపకి మా వంట పెట్టనీ. అమ్మ వచ్చి చూడొచ్చు, పక్కన కూర్చోవచ్చు. చేతిలో మాత్రం ఏమీ తేకూడదు."

"మా ఇంటి ఆడపిల్ల పదిమందికి వండిన గుండిగలో అన్నం తినదు."

"సరి. అయితే నువ్వు వండు. పొయ్యి ఉంది, బియ్యం ఉంది. నువ్వే వండి నువ్వే పెట్టు."

"మా ఇంట్లో మగవాళ్ళు పొయ్యి దగ్గరికి పోరు."

"పోతే ఏమవుతుంది?"

నాకు కోపం వచ్చింది. "మా అమ్మని ఏమంటున్నారు మీరు?" అన్నాను.

"నేను ఇంకా ఏమీ అనలేదే తంబీ. నువ్వే అమ్మ దాకా వచ్చినావు."

ఆ మధ్యాహ్నమే చెల్లెల్ని తీసుకుపోతానన్నాను. నా ఇష్టప్రకారమే తీసుకుపోతున్నానని కాగితం రాయించారు. మా వంశం పేరుతో సహా పూర్తిగా సంతకం చేశాను. డాక్టరమ్మ కాగితం తీసుకుంటూ, "అక్షరాలు బాగున్నాయి," అంది.

బస్సులో అమ్మ ముందు, ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. చెల్లెలు నా ఒళ్ళో ఉంది.

"అన్నా, ఆడ జావ బాగుండింది."

"ఇంట్లో అంతకన్నా మంచివి పెడతారులే."

"నువ్వు పెడతావా?"

"అమ్మ పెడతాది."

"నువ్వు పెట్టు అన్నా. మజ్జిగన్నం సాలు. నువ్వు పెడితే కక్కను."

"అట్ల అనగూడదు," అన్నాను. ఆ తరువాత అది నన్ను మళ్ళీ అడగలేదు.

చిత్తూరు పెద్దాసుపత్రి నుంచి తిరిగి వచ్చిందంటే ఆశ వదులుకున్నట్టేనని ఊరు అనుకుంది. ఎన్నడూ రానంత జనం వచ్చారు. జంపఖానా చాలక మా గుర్రపు జీనుల గదిలోని పాత తివాచీ తెచ్చి పరిపించాను. పరిచేటప్పుడు నాకు గర్వంగానే ఉంది. హాలు చివర మంచం మీద చెల్లెలు, తలాపున పీట మీద అమ్మ. అన్నం వేళ అందరి ఎదుటా అమ్మ కలిపి ముద్దలు పెట్టేది. చెల్లెలు నోరు తెరిచి తినేది. తింటూ నన్ను చూసేది. నేను వచ్చినవాళ్ళకు మర్యాదలు చేస్తూ ఉండేవాణ్ణి.

తొమ్మిదో రోజు పొద్దున పోయింది.

అమ్మ దాన్ని చంపాలనుకోలేదు. ఇది ఆమెను కాపాడడానికి రాయడం లేదు. ఆ ఏడుపు నేను విన్నాను, దొంగ ఏడుపు కాదు. ఆమెకు కావలసింది బిడ్డ జబ్బు. బిడ్డ ఎంతవరకు తట్టుకోగలదో ఆమెకు తెలియలేదు. నాకు చెప్పినవాళ్ళున్నారు, అయినా వినలేదు. ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదని నన్నడిగితే అమ్మది అని చెప్పలేను.

కర్మల పదకొండు రోజులూ ఇల్లు నిండి ఉంది. పన్నెండో రోజు ఖాళీ అయింది. నెల గడిచింది. ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే అమ్మ నా ముఖం వైపు చూసింది.

"మొహం వాడిపోయుండాది నాయనా. కడుపులో బాగలేదా?"

నాకు ఏ జబ్బూ లేదు. విస్తరిలో చారు చూశాను. ఆకలిగా లేదని లేచిపోయాను. సాయంత్రం దొడ్లో మూడు రాళ్ళు పెట్టి, పుల్లలు ఎగదోసి, అన్నం వండుకున్నాను. సగం మాడింది, సగం ఉడకలేదు. అదే తిన్నాను. చెల్లెలి కోసం పొయ్యి దగ్గరికి పోవడం మా వంశానికే తలవంపులు అన్నవాణ్ణి, నా ప్రాణం దాకా వచ్చేసరికి ఒక్క పూట కూడా ఆలోచించలేదు.

అమ్మ వాకిట్లో నిలబడి అంతా చూసింది. "మగబిడ్డవి, నీకెందుకు నాయనా ఆ కర్మ," అంది. ఆ రోజు నుంచి ఆమె చనిపోయేదాకా మా ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఊరు మాత్రం అడిగింది. దొర వంట చేసుకుంటున్నాడంట అని నీళ్ళ బావి దగ్గర మాట పుట్టింది. మంగలి గడ్డం గీస్తూ నేరుగా అడిగాడు. "పథ్యం," అన్నాను. "కడుపులో పుండు. ఉప్పు, కారం కొలత ప్రకారం పడాల. ఇంకొకరి చేతి వంట పడదు."

"అయ్యో సామీ, ఎవురికీ చెప్పనే లేదే."

వారం తిరగకుండా పరామర్శకు రావడం మొదలుపెట్టారు. మొదట వచ్చిన ఆడవాళ్ళు హాల్లోకి రాగానే అమ్మ లోపలి నుంచి పీట తెచ్చుకుని కూర్చుంది. నా కడుపునొప్పి ఎప్పుడు మొదలైందో, ఎన్ని రాత్రులు తను కళ్ళు మూయలేదో వివరంగా చెప్పసాగింది. ఒక్క మాటా నిజం కాదు. వాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నేను మంచం మీద, తడి కండువా నుదుటికి చుట్టుకుని ఉన్నాను. దాన్ని చుట్టింది అమ్మే. వద్దనలేదు.

"ఇప్పుడెట్లుండాది సామీ?" అని అడిగిందొక ముసలమ్మ.

"కొంచెం పరవాలేదు," అన్నాను.

ఆమె మంచం కోడు దగ్గర రెండు బత్తాయిలు పెట్టింది. అమ్మ వాటిని తీసి లోపల పెట్టించి, వచ్చినవాళ్ళకు కాఫీ తెమ్మని కేకేసింది.