చిట్టిముత్యాల కుండ

నిన్న ఊరి నుంచి మా చిన్నతాత మనవడు వచ్చి, ఉప్పుగూడలోని మా దుకాణంలో రెండు బస్తాల సన్నబియ్యం ఆటోలో వేయించుకుని పోయాడు. అతనికి ఆరెకరాల వరి ఉంది. ఇంటి ముందు వడ్లు రాశులు పోసుకునే మనిషి తినే బియ్యానికి పట్నం వచ్చాడు, ఆ బియ్యమైనా మనవి కావు, రాయచూరు వైపు నుంచి లారీలో దిగినవి. అతను వెళ్లాక అదే రకం బస్తా మూతి విప్పి గుప్పెడు తీసి వాసన చూశాను. పాలిష్ పట్టిన ఆ తెల్లటి గింజలకు ప్లాస్టిక్ సంచి వాసన తప్ప ఇంకేమీ లేదు.

నా చిన్నప్పుడు ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో కిటికీ లేని బియ్యం కొట్టు ఉండేవి. గోనె వాసన, తవుడు వాసన, వానాకాలమైతే తడిగోడల వాసన అన్నీ అందులోనే కలిసి ఉండేవి. దగ్గర్లోని అరబ్బుల బస్తీ బార్కస్ నుంచి వచ్చే గిరాకీలు గల్ఫ్ నుంచి తమవాళ్లు మోసుకొచ్చిన అరబ్బీ అక్షరాల సంచి చూపించి ఇలాంటివి ఉన్నాయా అని అడిగితే, అవి మన ఉత్తరాదిలోనే పండి సముద్రం దాటి తిరిగొచ్చినవని బాపు, అంటే మా నాన్న, నవ్వేవాడు. మధ్యాహ్నాలు అమ్మ కునుకు తీస్తున్నప్పుడు నేను కొట్లో దూరి బస్తాకు చెవి ఆనించేదాన్ని. లోపల ఏదో కొరుకుతున్న చప్పుడు, చాలా సన్నగా, ఆగి ఆగి వినిపించేది. పురుగులని తెలుసు, అయినా ఎవరో గొణుగుతున్నట్టే ఉండేది. భయపడి పారిపోయి, మరునాడు మళ్లీ వెళ్లేదాన్ని.

ఆ కొట్లోనే ఒక మూల బాపమ్మ కుండ ఉండేది. బాపమ్మంటే బాపును కన్నతల్లి. కుండలో వేపాకు పరిచి, ఊరి నుంచి వచ్చిన చిట్టిముత్యాలు పోసి, పైన మళ్లీ వేపాకు కప్పి, మూతికి గుడ్డ బిగించేది. పొట్టిగా గుండ్రంగా ఉండే ఆ బియ్యం ఉడుకుతుంటే వాసన గల్లీ మొదటిదాకా పోయేది. పట్నం వచ్చి దుకాణం పెట్టినా తాత తన మడిలో పండిన ఆ బియ్యమే తినేవాడు. ఆయన పోయాక ఏడాదికి ఒక్కరోజు, పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు పోయిన పెద్దలకు పెట్టడానికి మాత్రమే ఆ కుండ విప్పేవాళ్లు.

నాకు పదేళ్లున్నప్పుడు తాత తమ్ముడైన చిన్నతాత సంచి తెచ్చి, ఇవే ఆఖరివని చెప్పాడు. చిట్టిముత్యాలు ఎకరాకు పండేదే తక్కువట, మిల్లువాళ్లు కొనరట. సర్కారు తీసుకునేది దొడ్డువడ్లు కాబట్టి ఊరంతా అవే వేసి, అమ్మేసి, ఇంట్లోకి సన్నబియ్యం బయటి నుంచి తెచ్చుకుంటున్నారట.

"ఊరు ఊరంత వడ్లే, తినెతందుకు బియ్యం కొనుడేంది?" అంది బాపమ్మ.

ఆ కుండ ఏమంటుందో వినాలని ఒకరోజు గుడ్డ విప్పి, వేపాకు పక్కన పెట్టి చెవి ఆనించాను. ఏమీ వినిపించలేదు. అమ్మ పిలిస్తే అలాగే వదిలేసి పరుగెత్తి, తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. పెత్రమాస పొద్దున బియ్యం తెమ్మంటే వెళ్లి చూద్దును కదా, గింజలు పట్టుకుంటే పిండైపోతున్నాయి, నల్లటి ముక్కుపురుగులు ఆ పిండిలో మెల్లగా కదులుతున్నాయి. దుకాణం పిల్లను, దుకాణం తెలివే తోచింది. సన్నబియ్యం జల్లెడ పట్టి, కింద రాలిన నూకలు తీసుకెళ్లి ఇచ్చాను. పొట్టిగా కనిపిస్తే చాలు, బాపమ్మకు చూపు సరిగ్గా ఆనదు కదా అనుకున్నాను.

బాపమ్మ కడిగింది, వండింది. గారెలు, గోరుచిక్కుడు కూర, పులుసు, ఆ అన్నం ఆకులో పెట్టి డాబా మీదికి తీసుకెళ్లింది. కాకి ముట్టేదాకా ఆమె మంచినీళ్లు కూడా తాగదు. కాకులు వచ్చాయి. పిట్టగోడ మీద పది పన్నెండు వరసగా కూర్చున్నాయి, ఒక్కటీ అరవలేదు, ఒక్కటీ దిగలేదు. అన్నీ ఆకునే చూస్తున్నాయి. బాపు వచ్చి ఇక చాలు లెమ్మని బతిమాలాడు, ఆమె కదల్లేదు. ఎండ వాలింది. కింద గల్లీలో తంగేడు, గునుగు పూల బతుకమ్మల చుట్టూ ఆడవాళ్ల చప్పట్లు మొదలయ్యాయి. బాపమ్మ పెదవులు ఎండిపోయాయి. నా వల్లే ఈమె చచ్చిపోతుందనుకుని, ఏడుస్తూ అంతా చెప్పేశాను.

ఆమె నావైపు తిరగనైనా లేదు.

"కడిగినప్పుడే తెల్సింది బిడ్డా. మీ తాతకు ఎరుకైతదో లేదో అని చూస్తున్న."

కాకులు ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె వాటిని కాసేపు చూసి, "ఎరుకైంది" అని లేచింది. మొహం నిండా నవ్వు. తాత పోయాక ఆమె అలా నవ్వగా నేను చూడలేదు, ఆ కాకులకన్నా ఆ నవ్వుకే ఎక్కువ భయపడ్డాను. మెట్లు దిగి రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగింది.

ఇప్పుడు బాపమ్మ లేదు, మా ఊరి మడిలో చిట్టిముత్యాలు లేవు. ఆ పేరుతో ప్యాకెట్లు అమ్ముతుంటే తెచ్చి వండాను, ఆ వాసన కాదు. పెత్రమాసకు నేనే పెడుతున్నాను, దుకాణంలో ఏ బస్తా విప్పి ఉంటే ఆ బియ్యంతోనే. ఆకు పెట్టి చెయ్యి తీసేలోపే కాకి వాలి గబగబా తినేస్తుంది. ఇంట్లోవాళ్లు సంతోషపడి భోజనాలకు దిగిపోతారు. నేను మాత్రం అక్కడే నిలబడతాను, ఒక్క కాకికైనా ఎరుకై, తినడం మానేసి నావైపు చూస్తుందేమోనని.