కెమిస్ట్రీ రానివాళ్ళ కోర్సు

బీఎస్సీ పూర్తయిన ఆ ఎండాకాలం, మా ఇంట్లో నా చదువు గురించి మాట్లాడని మనిషిని నేనొక్కదాన్నే. చిత్తూరుకు దగ్గర్లో పల్లె మాది. నాయనది చెరుకు సేద్యం, కొంచెం మామిడి. నేను తిరుపతి హాస్టల్లో ఉండి మూడేళ్ళు బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివి ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాశాను. కెమిస్ట్రీ సీటుకు చాలని ర్యాంకు వచ్చింది. తొంభైల చివర మా వైపు సైన్సు చదివినవాళ్ళకు రెండే మోక్షమార్గాలు. కెమిస్ట్రీ చదివి మందుల కంపెనీలో చేరాలి, లేదా కంప్యూటరు నేర్చుకుని హైదరాబాదు బస్సెక్కాలి. రెండూ కాని వాళ్ళను జనం ఎలా చూస్తారంటే, పెళ్ళిలో ఆఖరి బంతికి వచ్చినవాళ్ళను వడ్డించేవాళ్ళు చూసినట్టు చూస్తారు.

నా ర్యాంకుకు అందేవాటిలో కొత్తగా పెట్టిన కోర్సు ఒకటుంది. సహజ వనరుల సంరక్షణలో ఎమ్మెస్సీ. మట్టి, నీళ్ళు, అడవి చదవాలి. తిరుపతిలో ఒక పాత కాలేజీలోనూ, చిత్తూరు దారిలో కొత్తగా లేచిన ఒక ప్రైవేటు కాలేజీలోనూ ఉంది.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, తిరుపతిలో గుమాస్తా. డిగ్రీ రెండుసార్లు తప్పి, ఆ తర్వాత చుట్టాలందరి చదువులకూ సలహాదారుగా స్థిరపడ్డాడు. కోర్సు పేరు వినగానే నవ్వాడు.

"అడివిలో సెట్లు లెక్కబెట్టేదానికి ఎమ్మెస్సీ ఏమిటికి బావా? మా ఆఫీసు వాచిమేను గూడా లెక్కబెడతాడు."

వారం తిరిగేసరికి అదే మామ ఎగురుకుంటూ వచ్చాడు. ఫారెస్టు రేంజరు పరీక్షకు ఈ చదువు పనికొస్తుందని ఎవరో చెప్పారట.

"మనింట్లో ఫారెస్టాఫీసరు ఉంటే ఎట్లుంటాది సూడు బావా! జీపు ఈడికే వస్తాది, మన వాకిట్లోకి."

ఆ సాయంత్రమే మా ఊళ్ళో ఒకాయనకు టేకు దూలాలకు పర్మిట్టు ఇప్పిస్తానని మాట కూడా ఇచ్చేశాడు. నేనింకా దరఖాస్తు నింపలేదు. మా మామ దృష్టిలో అడవిని కాపాడటమంటే, నరికేవాళ్ళకు అడ్డం లేకుండా కాపాడటం.

నాయన మాత్రం ఒకే ప్రశ్న అడిగాడు. "ఆడ ఏం నేర్పిస్తారు?"

మామకు తెలియదు. నాకూ తెలియదు. ఆ యేడు మా బావి ఎండిపోయింది. ఎందుకు ఎండిందో ఊళ్ళో ప్రతివాడూ ఒక కారణం చెప్పాడు. ఒకడు ఊరి అమ్మవారికి దేవర చెయ్యలేదన్నాడు, ఒకడు పక్కవాడి బోరన్నాడు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ళు చూసేవాడు మాత్రం ఇంకో చోట తవ్వమన్నాడు. నీళ్ళ గురించి చెప్పే చదువైతే చూసి వద్దామన్నాడు నాయన. ముగ్గురం బయల్దేరాం.

ముందు ప్రైవేటు కాలేజీకి. వాళ్ళ కోర్సు వివరాల పుస్తకం అట్టమీద జలపాతం, దాని కింద ఏనుగులు. ఆ జలపాతం మా జిల్లాది కాదు. ఆ ఏనుగులు మన దేశానివి కూడా కావు, చెవులు చూస్తేనే తెలుస్తుంది. మండుటెండలో టై కట్టుకున్న ప్రిన్సిపాల్ మాకు కూల్‌డ్రింకులు తెప్పించాడు. విదేశాల్లో కూడా ఉద్యోగాలున్నాయన్నాడు. భూమాతను కాపాడే అవకాశం ఈ తరానికే దక్కిందన్నాడు. మామ ప్రతి మాటకూ తల ఊపాడు. నాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"సార్, క్యాంటీను ఎనకాల ఆ రాతి కంబాలు ఏందివి?"

"ఏవో పాత రాళ్ళండీ. తీయించేస్తాం."

"అది తూము సార్. సెరువు తూము. అంటే మనం ఇప్పుడు సెరువులో కూసోనుండాము."

ప్రిన్సిపాల్ నవ్వాడు. ఎన్నో ఇంటర్వ్యూల్లో అలవాటైన నవ్వు. "ఎప్పుడో నీళ్ళు నిలిచేవంటండీ. రికార్డుల్లో బంజరనే ఉంది."

"మరి దీని కింద వరి కయ్యలు సేసుకొనేవాళ్ళు?"

"అమ్ముకున్నారు. అన్నీ ప్లాట్లు అయిపోయాయి."

నీటి వనరుల సంరక్షణ మూడో సెమిస్టరులో వస్తుందని ఆయన అదే ఊపులో చెప్పాడు. నేను గ్లాసు కింద పెట్టేశాను. నాయన లేచి, గది బయట విడిచిన చెప్పులు వేసుకున్నాడు. తిరుపతి బస్సెక్కాక మామ ఉండబట్టలేక అన్నాడు:

"బిల్డింగు మాత్రం ఏం కట్టినాడు బావా! లోపల ఏసీ గూడా ఉండాది."

"నువ్వు నోరు మూసుకోని కూసో అప్పా," అన్నాడు నాయన. నాయన మామతో అలా అనడం నేను వినడం అదే మొదటిసారి. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

పాత కాలేజీ దానికి పూర్తిగా విరుద్ధం. పెచ్చులూడిన గోడలు, బూజు. వరండాలో అద్దాల బీరువాలో పులికాట్ నుంచి తెచ్చి గడ్డి కూరిన రాజహంస ఒకటుంది. ఒంటికాలిమీద నిలబడటం దాని అలవాటు కదా అనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే రెండో కాలు విరిగి బీరువా అడుగున పడి ఉంది.

శాఖాధిపతి మూడు ప్రశ్నలడిగాడు.

"కెమిస్ట్రీ రాలేదా?"

"రాలేదు సార్."

"బోటనీ కూడా రాలేదా?"

"వచ్చింది సార్. దీంట్లోనే చేరదామని..."

ఆయన నావైపు కొంచెం జాలిగా చూసి, నాయన వైపు తిరిగాడు. "పెళ్ళి సంబంధాలు చూస్తున్నారా? అంతవరకూ అయితే పర్వాలేదు."

తన శాఖ మీద ఆయనకున్నంత చిన్నచూపు బయటివాళ్ళకు కూడా ఉండదు. కోర్సే కొత్తది, శాఖ పాతది; అప్పటికి ఇరవై ఏళ్ళుగా దాని మీదే జీతం తీసుకుంటున్నాడు.

బయటికొస్తుంటే వరండా చివర కుళాయి దగ్గర ఒకావిడ కాళ్ళకంటిన బురద కడుక్కుంటోంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. తాత్కాలిక లెక్చరరు. పక్కన నోటుపుస్తకాల కట్ట. పల్లెల్లో బావుల నీటిమట్టం నెలనెలా విద్యార్థుల చేత కొలిపిస్తోందట. నాయన ఆగిపోయి తన బావి సంగతి చెప్పాడు. ఆవిడ తడి కాళ్ళతోనే నిలబడి అడిగింది: ఎన్ని అడుగుల లోతు? ఏ నెలలో అడుగంటింది? పై పొలాల్లో ఎన్ని బోర్లు పడ్డాయి? వానొస్తే ఎన్ని రోజులకు ఊరుతుంది? నాయన జవాబులన్నీ చెప్పి, చివరకు అడిగాడు.

"అయితే ఎందుకు ఎండిందమ్మా?"

"నాకు తెలీదండీ. కొలవాలి. రెండేళ్ళు కొలిచినా పూర్తిగా తెలుస్తుందన్న నమ్మకం లేదు."

ఆ యేడు మా బావి గురించి తెలియదన్న మొదటి మనిషి ఆవిడే. మామ ముఖం చిట్లించాడు, ఇంత చదివి ఈమెకేం తెలుసని. నాయన మెట్లు దిగుతూ అన్నాడు:

"ఈయమ్మ దగ్గర సదువుకో పాపా."

అలా చేరాను. తొమ్మిదిమందిమి. ఎనిమిదిమంది ఇంకేదీ రాక వచ్చినవాళ్ళు, బోటనీ వదులుకుని వచ్చిన నేను వాళ్ళకు తిక్కదాన్ని. మొదటి యేడు ఎండలో తిరిగాం. నూలుతాడుకు ఇనప గుండు కట్టి బావుల్లోకి వదిలి, పైనుంచి నీళ్ళ దాకా తడవని పొడవు కొలిచి రాసుకునేవాళ్ళం. కుళాయి దగ్గర కనిపించిన ఆ మేడమ్ అంకెల్లో అబద్ధాన్ని పట్టేసేది. ఇంట్లో కూర్చుని నింపిన కాగితాన్ని మడిచి మా చేతిలోనే తిరిగి పెట్టేది.

శాఖాధిపతి మాతో వచ్చింది ఒక్క పులికాట్‌కే. వచ్చినా బస్సు దిగలేదు. ఒడ్డున వల ఆరేసుకుంటున్న ఒకాయన కిటికీ దగ్గరికొచ్చి, రొయ్య ఎందుకు తగ్గిపోయిందని అడిగాడు. ఈయన పక్షుల పట్ల బాధ్యత గురించి పావుగంట మాట్లాడి, గూడూరులో భోజనానికి ఆలస్యమవుతుందని బస్సు తీయించాడు.

ఆ యేడు చివర మేడమ్‌ను మళ్ళీ తీసుకోలేదు. సిలబస్ పూర్తి చెయ్యడం లేదన్నది కారణం. మేం ఐదుగురం శాఖాధిపతి గదికి వెళ్ళాం, ఆవిడను ఉంచమని అడగడానికి. దారిలో ఎవరేం మాట్లాడాలో కూడా అనుకున్నాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు:

"ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి. మీకు మార్కులు కావాలా, ఆమె కావాలా?"

నలుగురూ నేల చూశారు. నేనూ నేల చూశాను. ప్రిన్సిపాల్ టైని, మామ జీపును, ఈయన ప్రశ్నలను అంతవరకూ ఎంత వెటకారం చేశానో, వాళ్ళెవరూ నాకంటే తీసికట్టేమీ కాదని ఆ గదిలో తెలిసింది. మార్కులే చాలనుకుని బయటికొచ్చాం.

రెండో యేడంతా ఆయన పాత నోట్సు చదివాడు, మేం రాసుకున్నాం. ప్రాజెక్టుకు మాత్రం మా ఊరి బావులు తీసుకున్నాను. పద్నాలుగు బావులు, పది నెలలు. వైవాకు వచ్చిన పరీక్షకుడు నా ప్రాజెక్టు పుస్తకాన్ని చేత్తో తూచి, "బైండింగు బాగుంది" అన్నాడు. ఫస్టుక్లాసు వచ్చింది. మామ స్వీట్లు పంచి, పోస్టింగు ఎప్పుడని అడిగాడు. రేంజరు పరీక్ష రాయనన్నాను. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ మూడు నెలలూ ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మేడమ్ ఒక ట్యుటోరియల్‌లో ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతోందని తెలిసి పుస్తకం పట్టుకుని వెళ్ళాను. ఆ గదిలో ఏమీ అనలేకపోయానని చెప్పబోయాను. ఆవిడ ఆ మాట పట్టించుకోకుండా పట్టికలున్న పేజీ తీసింది. చాలాసేపు చూసింది.

"ఈ నాలుగు బావుల అంకెలు ప్రతి నెలా ఒకే మేర ఎక్కువున్నాయి. వీటిని ఒర గోడ పైనుంచి కొలిచావు. మిగతావాటిలో నేల మట్టం నుంచి."

చూశాను. నిజమే. బావి చుట్టూ నేల మీదికి లేచిన ఒర గోడ మూడడుగులుంటుంది. ఒక పరీక్షకుడు, ఒక శాఖాధిపతి సంతకం పెట్టిన పుస్తకంలో నాలుగు బావుల లెక్క మొత్తం తప్పు.

"సరిచెయ్యొచ్చా మేడమ్?"

"ఒర ఎత్తు తీసేస్తే సరిపోతుంది. కానీ ఊహించి తీసెయ్యకు. వెళ్ళి కొలువు."

ఆదివారం ఊరికెళ్ళాను. నాయన టేపు ఒక కొస పట్టుకున్నాడు, నేను రెండో కొస పట్టుకున్నాను. మూడు బావుల ఒర మూడడుగులే ఉంది. నాలుగోది రెండున్నర.